పనిచేసే చోట వేధింపులు: రాసిపెట్టుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు ప్రైవేటు బడుల్లో, నర్సింగ్ హోముల్లో, షోరూముల్లో, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. యజమాని మాట్లాడేది ఒడియా, కాగితాలు ఉండేది ఇంగ్లీషులో, ఇంట్లో మనం మాట్లాడుకునేది తెలుగు. గొడవ ముదిరి ఆఫీసు మెట్లెక్కిన రోజున “ఎప్పుడు జరిగింది? ఏమన్నారు? ఎవరున్నారు?” అని అడుగుతారు. అప్పుడు మన దగ్గర కన్నీళ్ళు తప్ప కాగితం ఉండదు. ఆ పరిస్థితి రాకూడదనే ఈ ప్రశ్నలూ జవాబులూ.

మా సారు కోపిష్టి. అంతమాత్రానికే రాసిపెట్టుకోవాలా?

ఒకరోజు అరిచి, మర్నాడు మామూలుగా ఉంటే అక్కర్లేదు. అదే తిట్టు పదేపదే మీ ఒక్కరికే పడుతుంటే, అందరి ముందూ కించపరుస్తుంటే, చేయని తప్పు మీ మీద వేస్తుంటే, సెలవు అడిగితే జీతం కోస్తుంటే, చెప్పిన మాట చెప్పలేదంటుంటే మొదలుపెట్టండి. ఇది వేధింపా, మామూలు కఠినత్వమా అని తేల్చుకోలేకపోయినా రాయండి. నెల తర్వాత ఆ పేజీలు వరసగా చదివితే మీకే తెలుస్తుంది. ఏమీ లేదని తేలితే పుస్తకం మూసేయండి, పోయేదేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా అది నయం.

ఏం రాయాలి?

తేదీ, వారం, టైము, చోటు. ఎవరు అన్నారు, ఏమన్నారు, అంతకుముందు ఏం జరిగింది, మీరేం జవాబిచ్చారు, అక్కడ ఇంకా ఎవరున్నారు. ఆ తర్వాత మీరు ఏం చేశారు. అంతే. ఒక నర్సింగ్ హోములో పనిచేసే అమ్మాయి రాసుకోవాల్సిన పేజీ ఇలా ఉంటుంది:

“ఆగస్టు 12, మంగళవారం, సాయంత్రం సుమారు 6.40. డ్యూటీ రూము. ట్రాలీ ఎవరు సర్దారని ఇన్‌ఛార్జి మేడమ్ అడిగారు. ఉదయం డ్యూటీ నాది కాదని చెప్పాను. ‘కాలిఠు ఆసిబ నాహిఁ’ అన్నారు. ఇద్దరు సిస్టర్లు, వార్డుబాయ్ అక్కడే ఉన్నారు. నేను ఏమీ అనలేదు. 8 గంటలకు డ్యూటీ దిగేటప్పుడు రిజిస్టర్లో సంతకం పెట్టాను.”

మేడమ్ అన్న ఒడియా మాటకు అర్థం ‘రేపటి నుంచి రావద్దు’ అని. ఈ పేజీలో “రాక్షసి” అన్న మాట లేదు, “నన్ను పగబట్టింది” అన్న ఊహ లేదు. చదివినవాళ్ళకు ఎటు తిరిగినా అడగడానికి ప్రశ్న మిగలదు. మీ బాధ రాయొద్దని కాదు. తలనొప్పి వచ్చింది, రాత్రి నిద్ర పట్టలేదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాను అనేవి కూడా జరిగిన విషయాలే, వాటినీ రాయండి. డాక్టరు చీటీ ఉంటే అదే పేజీకి పిన్ను కొట్టండి. అవతలివాళ్ళ మనసులో ఏముందో మాత్రం రాయకండి. అది మనం చూడలేదు కదా.

మీకు అనుకూలం కానివి కూడా దాచకండి. ఆ రోజు మీరు అరగంట ఆలస్యంగా వెళ్ళి ఉంటే అదీ రాయండి. విచారణలో అవతలివాళ్ళు ఎలాగూ బయటపెడతారు. మీ పుస్తకంలో ముందే ఉంటే మిగతా పేజీల మీదా నమ్మకం కుదురుతుంది.

ఎప్పుడు రాయాలి? ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తే?

ఆ రోజే, వీలైతే బస్సులోనే. సాక్షి తానే ఆ సమయంలో, లేదా ఇంకా గుర్తు తాజాగా ఉండగానే రాసుకున్న రాతను కోర్టులో చూసి జ్ఞాపకం తెచ్చుకోవచ్చని మన సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది. 1872 చట్టంలోనూ ఆ మాట ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఉంది. అంటే మీ పుస్తకానికి విలువ అంతా దాని తాజాతనంలోనే ఉంది. ఆలస్యంగా గుర్తొచ్చింది ఉంటే పాత పేజీలో ఇరికించకండి. ఇవాళ్టి తేదీ వేసి, “ఫలానా రోజు విషయంలో ఇది మరచిపోయాను” అని కొత్తగా రాయండి.

నాకు ఒడియా రాయడం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలుగులో రాస్తే చెల్లుతుందా?

చెల్లుతుంది. సొంతంగా రాసుకునేది మీకు ఏ భాషలో తేలిగ్గా వస్తే ఆ భాషలోనే రాయాలి. రాని ఇంగ్లీషులో రాస్తే సగం విషయం జారిపోతుంది. అవసరమైనప్పుడు అనువాదం చేయించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. అవతలివాళ్ళు ఒడియాలోనో హిందీలోనో అన్న మాటను తెలుగులోకి మార్చి రాయకండి. పైన ఇన్‌ఛార్జి మాట రాసినట్టు, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో దించేయండి. “రేపటి నుంచి రాకు” అని తర్జుమా చేసి రాస్తే, “నేను అలా అనలేదు, ‘కాలి ఆసిబ నాహిఁ’ అన్నాను, రేపు ఒక్కరోజు సెలవు తీసుకోమన్నాను” అని తప్పించుకునే వీలుంటుంది. విచారణలో కూర్చునేది ఒడియా తెలిసినవాళ్ళే. అసలు మాట వాళ్ళ చెవిన పడాలి.

ఫిర్యాదు మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఇవ్వండి. బరంపురంలో కోర్టు దగ్గర టైపు చేసిపెట్టేవాళ్ళుంటారు. చేయించాక సంతకానికి ముందు నెమ్మదిగా చదివించుకుని వినండి. టైపు చేసేవాళ్ళు అలవాటు కొద్దీ “తీవ్రమైన మానసిక క్షోభ” లాంటి మాటలు జోడిస్తారు, తేదీలు మారుస్తారు. మీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో లైను సరిచూడండి.

నోటుబుక్కా, ఫోనా?

కుట్టిన నోటుబుక్కు. పేజీలు ఊడదీసి మళ్ళీ పెట్టే స్పైరల్ వద్దు. పేజీలకు నంబర్లు వేయండి, ఖాళీలు వదలకండి, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరిగ్గా రాయండి, వైట్‌నర్ పూయకండి. పుస్తకం ఇంట్లో ఉంచండి, ఆఫీసు డ్రాయరులో కాదు. రాసిన ప్రతిసారీ ఆ పేజీ ఫొటో తీసి మీ సొంత మెయిలుకు మీరే పంపుకుంటే, ఆ రోజే రాశారన్న దానికి మెయిలు మీది తేదీ ఇంకో ఆధారం అవుతుంది. కంపెనీ ఇచ్చిన ఫోనూ, కంపెనీ మెయిలూ దీనికి వాడకండి. ఉద్యోగం పోయిన గంటలోనే అవి మూతపడతాయి.

మా ఆఫీసులో ఏదీ రాసి ఇవ్వరు. అంతా నోటి మాటే. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అసలు కిటుకూ ఇందులోనే ఉంది.

వాళ్ళ మాటలు నీటి మూటలైనప్పుడు రాత మీ వైపు నుంచి మొదలవ్వాలి. నోటితో చెప్పింది విన్నాక, అదే విషయం మర్యాదగా ఒక మెసేజులో తిరిగి వాళ్ళకే పంపండి. ఒక బడిలో టీచరు ఇలా పంపవచ్చు: “సార్, నమస్కారం. మధ్యాహ్నం మీరు చెప్పిన ప్రకారం రేపటి నుంచి ఎల్‌కేజీ, యూకేజీ రెండూ నేనే చూస్తాను. దానివల్ల ఆరో తరగతి పేపర్లు దిద్దడం సోమవారానికి అవుతుంది. నేను పొరబడి ఉంటే దయచేసి చెప్పండి.” సారుకు తెలుగు రాకపోతే హిందీలోనో ఇంగ్లీషులోనో, మీకు కుదిరిన భాషలో పంపండి. తప్పులున్నా ఫరవాలేదు.

ఇందులో ఫిర్యాదు లేదు, ఎత్తిపొడుపు లేదు. కోపం తెప్పించే మాట ఒక్కటీ లేదు. కానీ ఆ సోమవారం రాకముందే “పేపర్లు ఇంకా దిద్దలేదేం?” అని అందరి ముందూ కేకలేస్తే ఆ మెసేజు మీకు అండగా నిలబడుతుంది. వాళ్ళు “ఓకే” అని పెట్టినా మంచిదే. జవాబివ్వకపోయినా, చూసి కాదనలేదు కదా.

మీ దగ్గర దాచుకున్న డైరీ ఒక ఎత్తు, అవతలివాళ్ళకు చేరిన మెసేజు ఒక ఎత్తు. డైరీని “తర్వాత అల్లింది” అనవచ్చు. వాళ్ళ ఫోనులోనే ఉన్న మెసేజును అలా అనలేరు. అందుకే రోజూ డైరీ రాస్తూనే, ముఖ్యమైన వాటికి మెసేజు కూడా పంపుతుండండి. ప్రతి చిన్నదానికీ పంపితే మాత్రం మీకే గొడవపడే మనిషన్న పేరు వస్తుంది. డబ్బు, పని గంటలు, బాధ్యతలు, సెలవు, తప్పు మోపడం, తీసేస్తాననడం, ఈ ఆరింటికే పరిమితం చేసుకోండి.

వాట్సాప్ మెసేజులు సాక్ష్యంగా నిలుస్తాయా?

నిలుస్తాయి, కానీ స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తీసుకెళ్తే చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం దానికి రెండు భాగాలుంటాయి. ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలూ అక్షరాల గుర్తు) కూడా అందులో రాయాలి. పాత చట్టం కింద కూడా, అసలు ఫోనునే కోర్టు ముందు పెట్టలేనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితం పని లాయరు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఫోను భద్రంగా ఉంచడం. గొడవ నడుస్తుండగా ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేయకండి, రీసెట్ చేయకండి.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు “ప్రిన్సిపాల్ సార్” అన్న పేరు ఒక్కటే కనిపిస్తే ఎవరి నంబరుకైనా ఆ పేరు పెట్టుకోవచ్చు కదా అంటారు. కాంటాక్టు తెరిచి నంబరు కనిపించేలా ఇంకొకటి తీయండి. తేదీ కనిపించాలి, పైమాటా కిందిమాటా కనిపించాలి. ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మొత్తం సంభాషణ మెయిలుకు పంపుకోండి. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే మెసేజులు 24 గంటల్లోనో, 7 రోజుల్లోనో, 90 రోజుల్లోనో మాయమైపోతాయి. వాళ్ళు పంపి వెనక్కి తీసేసుకునే అలవాటున్నవాళ్ళైతే వచ్చిన వెంటనే తీసిపెట్టుకోండి.

కాల్ రికార్డు చేయవచ్చా?

మీరు మాట్లాడుతున్న సంభాషణను మీరే రికార్డు చేసుకోవడం వేరు, మీరు లేని చోట ఫోను వదిలేసి ఇతరుల మాటలు పట్టడం వేరు. రెండోది ఎప్పుడూ చేయకండి, మీరే కేసులో ఇరుక్కుంటారు. మొదటిదాని విషయంలో, రికార్డింగు విషయానికి సంబంధించినదై, గొంతు ఎవరిదో తేలి, మార్పులు చేయలేదని రుజువైతే కోర్టులు తీసుకున్న సందర్భాలున్నాయి. టేపు చేసిన సంభాషణ సాక్ష్యంగా పనికొస్తుందని 1973లో రిపోర్టయిన ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. అయితే మీ కంపెనీ నియమాల్లో రికార్డింగు నిషేధం ఉంటే దాన్నే సాకుగా చూపి చర్య తీసుకోవచ్చు. నా మటుకు నేను మెసేజునే నమ్ముతాను. రికార్డింగు బెదిరింపు, లంచం, అసభ్యత లాంటి వాటికి ఆఖరి దారి.

ఆఫీసు ఫైళ్ళు ఫొటో తీసుకోవచ్చా?

మీ పేరు మీద ఉన్నవి తీసుకోండి: మీకిచ్చిన మెమో, మీ హాజరు పేజీ, మీ డ్యూటీ చార్టు, మీ పే స్లిప్. రోగుల కేస్ షీట్లు, పిల్లల వివరాలు, కస్టమర్ల జాబితాలు, కంపెనీ లెక్కలు ముట్టుకోకండి. అనుమతి లేకుండా కంప్యూటర్లోంచి డేటా దించుకోవడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద తప్పు. వాళ్ళ తప్పు బయటపెట్టబోయి మీరు దొంగ అనిపించుకోకూడదు. అలాంటి కాగితం ఒకటి ఉందని తెలిస్తే, అది ఏ రిజిస్టరు, ఏ తేదీ పేజీ అని మీ పుస్తకంలో రాసుకోండి. విచారణలో దాన్ని తెప్పించమని అడగవచ్చు.

తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

తెల్లకాగితం మీద పెట్టకండి. తప్పించుకోలేని స్థితి అయితే, బయటికి వచ్చిన వెంటనే ఆ రోజే “మీ గదిలో ఖాళీ కాగితం మీద నా సంతకం తీసుకున్నారు, దాన్ని దేనికి వాడుతున్నారో తెలియజేయండి” అని మెయిలు పెట్టండి. మెమో ఇచ్చి “అందింది” అని సంతకం పెట్టమంటే పెట్టవచ్చు. కింద “అందింది, అంగీకరించలేదు” అని తేదీతో రాయండి, ఫొటో తీసుకోండి.

సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడే ఏవేవి ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో రసీదు రాయించుకోవాలి. ఇచ్చేసి ఉంటే ఇప్పుడైనా ఒక మెసేజు పెట్టండి: “నేను చేరినప్పుడు ఇచ్చిన పది, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ నాకు వేరే పనికి కావాలి, ఎప్పుడు వచ్చి తీసుకోమంటారు?” వాళ్ళు రేపు ఎల్లుండి అన్నా సరే, కాగితాలు తమ దగ్గర ఉన్నాయని ఒప్పుకున్నట్టే.

రాజీనామా రాసిమ్మని కూర్చోబెట్టారు. రాసిచ్చేశాను.

రాజీనామా అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చేది. బలవంతంగా తీసుకుంటే ఆలస్యం చేయకుండా, అదే రాత్రి, ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చోబెట్టారో, ఏమని బెదిరించారో రాసి, ఆ రాజీనామా ఉపసంహరించుకుంటున్నానని మెయిలు పంపండి. మర్నాడు డ్యూటీకి వెళ్ళండి. గేటు దగ్గర ఆపేస్తే టైముతో సహా అదీ రాసి పంపండి. నెల రోజులు ఊరుకుని తర్వాత బలవంతం అంటే నమ్మించడం కష్టం.

జీతం సంగతి?

బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పులు, చేతికి నగదు ఇస్తే ఏ రోజు ఎంత ఇచ్చారన్న మీ రాత, ఇవి దాచుకోండి. పీఎఫ్ కోస్తున్నారంటే కట్టినట్టు కాదు, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా చూడండి. పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి. రాజీనామా చేసినా, తీసేసినా బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

తోటివాళ్ళు సాక్ష్యం చెప్పరు. భయపడతారు.

భయపడతారు, వాళ్ళకూ పిల్లలున్నారు. సాక్ష్యం చెప్పమని పట్టుబట్టకండి, తప్పుపట్టకండి. ఎవరెవరు ఉన్నారో మాత్రం ప్రతిసారీ రాయండి. ఇవాళ నోరు మెదపనివాళ్ళు ఆ ఉద్యోగం వదిలాక చెప్పవచ్చు, విచారణాధికారి పిలిస్తే నిజం చెప్పవచ్చు. కులం పేరుతో తిడితే ఇది మరీ ముఖ్యం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ అవమానం నలుగురి కళ్ళబడే చోట జరిగిందా లేదా అన్నది చూస్తారు. ఎవరూ లేని గదిలోనా, కౌంటరు దగ్గర కస్టమర్లుండగానా అన్న ఒక్క లైను కేసునే మార్చేస్తుంది. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో మన పక్కన పనిచేసే ఆదివాసీలకు ఈ విషయం చెప్పండి. చదువు రానివాళ్ళకు మీరే రాసిపెట్టండి.

ఇది లైంగిక వేధింపు. పరువు పోతుందని ఆగాను.

ఆగకండి, ఇక్కడ గడువు చిన్నది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పదేపదే జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమందున్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. కలెక్టరు ఆఫీసులో అడిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే.

“రుజువు చేయలేకపోతే నా మీదే చర్య తీసుకుంటారట” అని భయపెడతారు. చట్టం అలా చెప్పలేదు. కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇచ్చారని విచారణలో తేలితేనే చర్య. రుజువు చూపలేకపోవడం ఒక్కటే నేరం కాదు. ఫిర్యాదులోని విషయాలు, పేర్లు బయటపెట్టడాన్ని కూడా చట్టం నిషేధించింది. కాబట్టి మీ కాగితాలు బంధువుల గ్రూపుల్లో, స్నేహితుల గ్రూపుల్లో పెట్టకండి.

మామూలు వేధింపుకు ఎక్కడికి వెళ్ళాలి?

20 మంది, అంతకుమించి కార్మికులున్న చోట పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. విషయం మొదలైన ఏడాదిలోపు అక్కడ అర్జీ పెట్టవచ్చు. ఉద్యోగంలోంచి తీసేస్తే జిల్లా లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళండి. టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కాబట్టి వాళ్ళ దారి వేరు, ముందు లాయరును అడగాలి. లాయరుకు డబ్బు లేదని ఆగకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోను చేయవచ్చు.

ఇల్లు పార్వతీపురంలో, పని రాయగడలో. ఏ రాష్ట్రంలో ఫిర్యాదు?

మామూలుగా పనిచేసే చోటే. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి, ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి రోజూ వెళ్ళివచ్చేవాళ్ళకూ ఇదే. అందుకే పనిచేసేది ఒడిశాలో అని చూపే కాగితం, అంటే ఐడీ కార్డు, గేట్ పాస్, హాజరు పేజీ, కాంట్రాక్టరు పేరు, అతను ఏ సంస్థకు మనుషులను పెడుతున్నాడన్న వివరం, మొదటి రోజు నుంచే పోగుచేసుకోవాలి. కాంట్రాక్టరు వైజాగ్‌లో ఉండి జీతం అక్కడి నుంచి వేస్తుంటే ఇది మరీ అవసరం.

ఫిర్యాదు ఇచ్చినట్టు ఋజువేమిటి?

రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం, తేదీ, డైరీ నంబరు (ఆఫీసు నమోదు సంఖ్య) వేయించుకోండి. తీసుకోము అంటే పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ కూడా చేయమని అడగాలి. రసీదు ఫొటో తీయండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్ళకే వెలిసిపోతాయి. ట్రాకింగులో “డెలివర్డ్” అని రాగానే ఆ పేజీనీ తీసి దాచండి.

రాస్తుంటే అదే బాధ మళ్ళీ మళ్ళీ పడుతున్నట్టుంది.

అవును, ఉంటుంది. రాయడానికి పది నిమిషాలే పెట్టుకోండి, రాసి మూసేయండి, ఆ రాత్రి మళ్ళీ తెరవకండి. పాత పేజీలు ఒంటరిగా చదవకండి. పక్కన అక్కనో అన్నయ్యనో కూర్చోబెట్టుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే పుస్తకం పక్కన పెట్టి టెలిమానస్ 14416కు చేయండి, అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. కేసు ఆగినా ఫరవాలేదు, మీరు ఉండాలి.

ఉద్యోగం మానేశాను. ఇవన్నీ ఎన్నాళ్ళు దాచాలి?

వేతన బకాయికి మూడేళ్ళ వరకు అడగవచ్చు, కాబట్టి కనీసం అన్నాళ్ళు. కేసు నడుస్తుంటే అది పూర్తిగా తేలేదాకా. పీఎఫ్, సర్వీసు సర్టిఫికెట్, నియామక పత్రం మాత్రం ఎప్పటికీ పారేయకండి.